కత్యూష అను పేరు

యుద్ధవార్తలు చదువువారికి 'కత్యూషా రాకెట్లు' అను మాట క్రొత్తది కాదు. లెబనాను నుండియో బాగ్దాదు నుండియో వార్త వచ్చును. ఇన్ని కత్యూషాలు పడినవని అందుండును. అది ఒక ఆడపిల్ల ముద్దుపేరని వ్రాసినవారికిగాని చదివినవారికిగాని తట్టదు. నాకు మాత్రము ఆ మాట కంటబడినప్పుడెల్ల టాల్‌స్టాయి గుర్తుకు వచ్చును.

రష్యనులో నిండు పేరు ఎకతెరీనా. దానికి ముద్దుపేర్లును, చులకనపేర్లును పెక్కులు గలవు. 1899లో వెలువడిన 'పునరుత్థానము' నవలలో ఇద్దరు భూస్వామినుల ఇంట ఒక అనాథ సగము పనిమనిషిగా, సగము పెంపుడుబిడ్డగా పెరుగును. ఆమెను వారు కట్కా అని హీనముగా పిలువలేదు, కాతెంకా అని గారాముగాను పిలువలేదు. ఆ రెంటికి నడుమనున్న కత్యూష అని పిలిచిరట! ఒక్క ప్రత్యయములో ఆమె బ్రదుకంతయు ఇమిడినది. లచ్చికి, లక్ష్మమ్మకు, మహాలక్ష్మమ్మగారికి నడుమనున్న దూరమెరిగిన మనవారికి దీనిని విప్పి చెప్పనక్కరలేదు. ఆ యింటి మేనల్లుడే ఆమెను చెరచి, నూరు రూబుళ్లు చేతబెట్టి పోవును.

1914లో జపానులో ఆ నవలను నాటకముగా ఆడినప్పుడు మత్సుయి సుమాకొ పాడిన కత్యూష పాట దేశమంతట మ్రోగినది. నేటికిని అక్కడ ఆడువారు జుట్టుకు పెట్టుకొను వంపు పట్టీని కచూషా అనియే అందురు. ముచ్చటైన సంగతియే.

1938లో రష్యాలో మరియొక కత్యూష పుట్టినది. ఇసకోవ్‌స్కీ వ్రాయగా బ్లాంతెర్ వరుస కట్టిన పాట యది. ఏటిగట్టున నిలిచిన పిల్ల, సరిహద్దున కావలి కాయు ప్రియునికడకు తన పాటనే దూతగా పంపును. మేఘమును, హంసను పంపిన సాహిత్యము మనది. తరగతిలో సందేశకావ్యముల ప్రసక్తి వచ్చినప్పుడు నేను ఈ పాటను తప్పక చెప్పుదును.

మూడేండ్లు తిరుగకమునుపే, 1941 జూలైలో, ఓర్షా రైలుస్టేషనుపై ఒక క్రొత్త ఆయుధము నిప్పులు కురిసినది. లారీపై నమర్చిన పట్టాలనుండి 16 రాకెట్లు వరుసగా లేచును. దాని అసలు పేరు రహస్యము. సిపాయిలు దానిని కత్యూష అనిరి. దానిపై నుండిన 'క' అక్షరమే కారణమని కొందరు, పాటయే కారణమని కొందరు, రెండును గావచ్చును. దేశముపై శత్రువు వచ్చి పడగా, ఇంటికి దూరమై, ప్రక్కనున్న ఇనుమును పిల్ల పేరుతో పిలుచుకొన్న ఆ సిపాయిని నేను తప్పుపట్టజాలను.

కాని 1960లలో వచ్చిన దాని వారసునికి వారు 'గ్రాద్' అని పేరిడిరి. అనగా వడగండ్లు. ఈ పేరే నాకు నచ్చినది. ఇది క్రిందనున్న వానికి తెలియు పేరు. కత్యూష పేల్చువాడు పెట్టిన పేరు. ఆ పాటయైనను ఎరుగని చేతులు ఏ దేశముననో పేల్చిన రాకెట్లకు, పడినచోట చచ్చినవారిని లెక్కించు వార్తలో, మనమెందులకు పేల్చువాని ముద్దుపేరు వాడవలెను? 'రాకెట్లు' అన్న చాలును.

నవలలో విచారణనాడు న్యాయాధిపతి పేరడుగగా, ఆమె మొదట వేశ్యాగృహమున వాడుకయైన పేరు చెప్పును. జ్ఞానస్నానపు పేరేమని మరల అడిగిన మీదట కతెరీనా అనును. కత్యూష అని మాత్రము చెప్పదు.