మన పోస్టర్ మీద అరిగిపోయిన అక్షరాలెందుకు?



ఆగస్టు 9 దగ్గరికొస్తే హాస్టల్లో పోస్టర్ల పని మొదలైతది. సైన్స్ ఫెస్ట్ పోస్టర్‌కి నున్నటి అక్షరాలు పెట్టే డీటీపీ షాపాయన, మన ప్రోగ్రాం అనగానే అంచులు చిరిగి, మధ్యల పెచ్చులూడినట్టుండే ఫాంట్ తీస్తడు. "ట్రైబల్ లుక్" అంటడు. మన అన్నలు కూడా కొందరు అదే అడుగుతున్నరు, అందుకే ఈ పోస్ట్ రాస్తున్నం.

ఆ లుక్ ఎక్కడిది? పెపైరస్ అనే ఫాంట్ చూడండి, చాలా కంప్యూటర్లలో ఉంటది. 1982లో క్రిస్ కాస్టెల్లో అనే అమెరికా ఆయన గీసిండు. అప్పుడాయనకు 23 ఏళ్లు, మనకంటే కొంచెం పెద్ద. రెండు వేల ఏళ్ల కింద పెపైరస్ మీద ఇంగ్లీషు రాస్తే ఎట్లుండేదని ఊహించి, గరుకు కాగితం మీద కలంతో గీసిండు. అందులో అడవీ లేదు, గూడెమూ లేదు. అయినా 2009లో అడవి మనుషుల కథ చెప్పిన అవతార్ సినిమా టైటిల్‌కి దాన్నే వాడుకున్నరు. పాతది, అడవిది, ఆదివాసీది అన్నీ ఒక్కటే అని చూసేటోళ్ల లెక్క. మేము ఒప్పుకోం.

ఆ ఫాంట్ల మీద మాకు కోపమేం లేదు. పాత ప్రెస్సుల్లో చెక్క అక్షరాలు అచ్చేసి అచ్చేసి అరిగిపోయేవి, సిరా అంటని చోట తెల్ల మచ్చలు పడేవి. అది పని చేసిన గుర్తు. 1940 జోడేఘాట్ గురించి నాటకం వేస్తే పేరు ఒక్కటి పెద్దగా అట్ల పెట్టండి, బాగుంటది. టీషర్టు మీద కూడా సరే. కానీ టైమూ, స్థలమూ, డిమాండ్లూ అందులో రాయొద్దు. తెలుగులో అసలే ఒత్తులు, సున్నాలు చిన్నయి. ద కింద చిన్న గీత ఉంటేనే ధ. ఆ గీత మచ్చలో పోతే చదివేటోడు ఏం చదవాలె? స్కాలర్‌షిప్ పోస్టర్ గోడ మీద అలంకారానికి కాదు కదా.

ఇంకో మాట, మాకు అసలు నొప్పి ఇక్కడుంది. గుంజాల ఊళ్లె దొరికిన గోండి రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. నోటో సాన్స్‌లో దానికి శుభ్రమైన ఫాంట్ ఉంది, ఫ్రీ. ఇన్నేళ్లకు ఫోన్లోకి వచ్చిన అక్షరాలు అవి. వచ్చీ రాకముందే వాటికి తుప్పు పూసి, శిథిలమైనట్టు చూపించుడెందుకు? మ్యూజియం బోర్డు కాదు, మనం ఇంకా మాట్లాడుతున్న భాష.

ఈసారి మా హాస్టల్ పోస్టర్ హెడ్డింగ్ గుంజాల గోండిలో, కింద వివరాలన్నీ మామూలు తెలుగు ఫాంట్లో పెడుతున్నం. గోండి చదవొచ్చిన అక్కలు, అన్నలు ఎవరైనా ఉంటే ప్రింటుకు పోకముందు ఒకసారి స్పెల్లింగ్ చూసి పెట్టండి. కామెంట్లో చెప్తే ఫైల్ పంపుతం.