ఊరు వెళ్లి ఏం కొనుక్కొచ్చారు?

చదివే ముందు

అభ్యాసకులారా! ఇది అభిప్రాయ వ్యాసం. ఇలాంటి వ్యాసంలో రచయిత ఒక విషయం మీద తన అభిప్రాయం చెప్పి, దానికి కారణాలు చూపుతారు. ఆ అభిప్రాయాన్ని మీరు ఒప్పుకోవాలన్న నియమం ఏమీ లేదు. చూపిన కారణాలు సరిపోయాయా, లేదా అన్నది మాత్రం గమనిస్తూ చదవండి.

1. సంచిలో ఏముంది?

సెలవులకు ఊరు వెళ్లి వచ్చినవాళ్ల సంచి ఎప్పుడైనా విప్పి చూశారా? ప్లాస్టిక్ బొమ్మ, తాళంచెవుల గొలుసు, ఊరి పేరు అచ్చువేసిన కప్పు. ఊరి పేరు చెరిపేస్తే అది ఏ ఊరిదో ఎవరూ చెప్పలేరు. అదే కప్పు మన బస్టాండు పక్క దుకాణంలోనూ దొరుకుతుంది. మరి అంత దూరం వెళ్లి మనం తెచ్చుకున్నది ఏమిటి?

ప్రయాణంలో కొనే వస్తువు ఆ ఊరిదై ఉండాలి. అంతకంటే ముఖ్యం, ఆ వస్తువు గురించి తెలిసిన మనిషి దగ్గర కొనాలి. ఇదీ నా అభిప్రాయం. ఇది నాకు పుస్తకాల్లో దొరకలేదు. రాయపూర్‌లో ఒకసారి మోసపోయి నేర్చుకున్నాను.

2. రెండు జింకలు

మా బావగారు రైల్వే ఉద్యోగం మీద వెళ్లి రాయపూర్‌లో స్థిరపడ్డారు. ఉత్తరాంధ్ర వాళ్లకు రాయపూర్ కొత్త ఊరేమీ కాదు. విజయనగరం నుంచి రాయపూర్ వరకు రైలు మార్గం 1931 నాటికే పూర్తయింది. విశాఖపట్నంలో రాత్రి బండి ఎక్కితే మర్నాటి ఉదయానికి అక్కడ దిగవచ్చు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి రాయపూర్ దాని రాజధాని.

ఒక దసరా సెలవులకు మేము అక్కావాళ్లింటికి వెళ్లాం. మొదటి రోజు సాయంత్రమే నేను ఒంటరిగా బజారుకు బయలుదేరాను. ఒక దుకాణంలో ఇత్తడి జింకల జత కనిపించింది. "బస్తర్ డోక్రా, బాబూజీ" అన్నాడు దుకాణదారు. తొమ్మిది వందలు చెప్పాడు. గంటసేపు బేరమాడి నాలుగు వందల యాభైకి తెచ్చాను. సగానికి సగం తగ్గించానన్న సంతోషంతో ఇంటికి వచ్చి జింకలను అక్క చేతిలో పెట్టాను.

అక్క వాటిని తిరగేసి చూసింది. "ఒరే తమ్ముడూ, రెండింటికీ పొట్ట కింద ఒకేచోట ఒకే గీత ఉంది, చూశావా? ఇవి మిషను అచ్చులో పోసినవిరా. డోక్రా అయితే ఒకదానిలాగా ఇంకొకటి ఉండదు" అంది.

నేను ఎం.ఇడి. చదివినవాణ్ణి. పిల్లలకు పరిశీలన ఎలా నేర్పాలో ఉపాధ్యాయులకు పాఠాలు రాసేవాణ్ణి. చేతిలో ఉన్న వస్తువును మాత్రం తిరగేసి చూడలేదు. ధర ఒక్కటే చూశాను.

3. డోక్రా ఎందుకు ఒకేలా ఉండదు?

మర్నాడు అక్క నన్ను "శబరీ" దుకాణానికి తీసుకువెళ్లింది. అది ఛత్తీస్‌గఢ్ హస్తశిల్ప వికాస మండలి నడిపే విక్రయశాల. అక్కడి వస్తువుల మీద ధర రాసి ఉంటుంది, బేరం ఉండదు. డోక్రా ఎలా తయారవుతుందో అక్కడ ఓపికగా చెప్పారు.

ముందు మట్టితో లోపలి ఆకారం చేస్తారు. దాని మీద తేనెమైనాన్ని సన్నని దారాలుగా తీసి చుడతారు. జింక మచ్చలు, ఏనుగు మీది అంబారీ, అమ్మవారి నగలు అన్నీ ఆ మైనపు దారాలతోనే దిద్దుతారు. దాని మీద మెత్తని మట్టి, పుట్టమన్ను పూసి, ఆరబెట్టి కాలుస్తారు. మైనం కరిగిపోయి, అది ఉన్నచోట ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక పైమట్టిని పగలగొట్టి బొమ్మను బయటికి తీస్తారు. మట్టి పగిలిపోయింది కాబట్టి దానితో రెండో బొమ్మ పోయడం కుదరదు. ప్రతి బొమ్మకూ పని మళ్లీ మొదటి నుంచి మొదలు పెట్టవలసిందే.

మొహంజొదారోలో దొరికిన నర్తకి విగ్రహాన్ని కూడా ఇలా మైనం కరిగించే పద్ధతిలోనే పోశారు. నాలుగు వేల ఏళ్లు దాటిన ఆ విద్య రాయపూర్ నుంచి జగదల్‌పూర్ వెళ్లే దారిలో ఉన్న కొండగావ్‌లో నేటికీ బతికి ఉంది. ఘడ్వా కుటుంబాలవారు దాన్ని చేస్తున్నారు. బస్తర్ డోక్రాకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది. మన ఆదిలాబాద్ జిల్లాలో ఓజా కుటుంబాలు చేసే డోక్రాకు 2018లో అదే గుర్తింపు వచ్చింది.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి: నా జింకల బేరంలో నష్టపోయింది ఎవరు? నేను పోగొట్టుకున్నది నాలుగు వందల యాభై రూపాయలే. కొండగావ్‌లోని పనివాడికి జరిగిన నష్టం అంతకంటే పెద్దది. అతని ఊరి పేరుతో వేరొకరి వస్తువు అమ్ముడుపోయింది. పైగా "డోక్రా అంటే నాలుగు వందలే" అన్న లెక్క నా మనసులో నిలిచిపోయింది. అసలు పనివాడు న్యాయమైన ధర చెప్పినా నాకిక అది ఎక్కువగానే వినిపిస్తుంది.

4. మూడు ప్రశ్నలు

ఊళ్లోని చిన్న దుకాణంలో కొంటే చాలు, అది మంచిదే అని కొందరంటారు. నన్ను మోసగించింది ఊళ్లోని చిన్న దుకాణమే. ప్రభుత్వ దుకాణంలో అయితేనే కొనాలని మరికొందరంటారు. అదీ సరికాదు. నిజాయితీగా అమ్మే వర్తకులు ఏ బజారులోనైనా ఉంటారు. కాబట్టి దుకాణం పేరు చూసి నిర్ణయించుకోవద్దు. అమ్మేవారిని మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎవరు చేశారు? దేనితో చేశారు? ఎలా చేశారు?

ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే చోట నమ్మకంగా కొనవచ్చు. "అన్నీ మీకెందుకు బాబూ, ధర చెప్పండి" అనే చోటు నుంచి లేచి రావచ్చు.

ఈ ప్రశ్నలతోనే రాయపూర్‌లో చేనేత సహకార సమాఖ్యవారి "బిలాసా" దుకాణానికి వెళ్లాం. అక్కడ కోసా పట్టు చీరలు ఉన్నాయి. కోసా అంటే మనం దసలి పట్టు అనేదే. మన మహాదేవపూర్‌లో కూడా ఆ పట్టు ఉంది. మల్బరీ పట్టుపురుగులా దీన్ని ఇంట్లో తట్టల్లో పెంచరు. మద్ది చెట్ల మీద, ఆరుబయట పెరుగుతుంది. అందుకే ఆ పట్టుకు సహజంగా తేనెరంగు ఉంటుంది, దారం అక్కడక్కడా లావుగా, సన్నగా ఉంటుంది. ఆ హెచ్చుతగ్గులను లోపం అనుకోకండి. అసలైన కోసాను గుర్తుపట్టడానికి అవే ఆధారం. అనుమానం ఉంటే చీర అంచు నుంచి ఒక పోగు అడిగి కాల్చి చూడండి. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. నైలాన్, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది.

5. డబ్బు లేనివారి మాటేమిటి?

"పట్టుచీరలు, ఇత్తడి బొమ్మలు కొనే స్తోమత మాకెక్కడిది?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఊరిది కావడానికి వస్తువు ఖరీదైనది కానక్కరలేదు. రాయపూర్‌లో మహంత్ ఘాసీదాస్ మ్యూజియం ఆవరణలో "గఢ్ కలేవా" అనే తినుబండారాల చోటు ఉంది. 2016లో మొదలైన దాన్ని మహిళా స్వయంసహాయక సంఘం నడుపుతూ వచ్చింది. అక్కడ ఐర్సా అనే పిండివంట తిన్నాను. బియ్యప్పిండి, బెల్లం, నూనెలో వేయించడం. కళ్లు మూసుకుని తింటే మన అరిసే! భాష వేరైన ఊళ్లో మన పండగ రుచి కొద్దిపాటి డబ్బుకే దొరికింది. అడవుల్లో ఏరి తెచ్చిన సారపప్పు వంద గ్రాములు కొన్నా అది ఆ నేల వస్తువే.

6. బేరం ఆడకూడదా?

ఆడవచ్చు. బేరం మన సంతల్లో పాత అలవాటే, అందులో తప్పు లేదు. కాని బేరానికి ముందు పని తెలుసుకోవాలి. నేను ధర రాసి ఉన్న చోట ముందు చూసి, వస్తువు ఎంత పనితో తయారవుతుందో తెలుసుకుని, తరవాత బజారుకు వెళ్లి ఉంటే మోసపోయేవాణ్ణి కాదు. వర్తకుడు వేసుకున్న లాభం మీద బేరం ఆడితే ఆడండి. పనివాడి రోజుకూలి మీద మాత్రం ఆడకండి. పెద్ద దుకాణంలో చీటీ మీద ధరకు మారుమాట్లాడకుండా డబ్బు కట్టే మనం, చేతితో చేసి అమ్మేవాడి దగ్గర పది రూపాయల కోసం అరగంట వాదిస్తాం. ఇది ఏం న్యాయం?

అలాగని జాలిపడి కొనమనీ అనను. వస్తువు నచ్చకపోతే కొనకండి. చేసినవాడు కోరుకునేది మీ జాలి కాదు, తన పనికి తగిన వెల.

మీలో చాలామంది పగలు పని చేసుకుంటూ, రాత్రి ఈ పాఠాలు చదువుకునేవారు. కొందరి ఇళ్లలో మగ్గం ఉండవచ్చు. ఏటికొప్పాకలో అంకుడు కర్రకు లక్క రంగులు పూసేవారు, కొండపల్లిలో పొణికి కర్ర చెక్కేవారు మీలో ఉండవచ్చు. మీ ఊరికి వచ్చిన యాత్రికుడు మీ బొమ్మ పక్కన మిషను బొమ్మ పెట్టి "ఇది సగం ధరకే వస్తోందిగా" అంటే మీకు ఎలా ఉంటుంది? మీరు పొరుగూరు వెళ్లినప్పుడు ఆ మాట గుర్తుంచుకోండి.

శబరీలో ఆ రోజు ఒక చిన్న జింక కొన్నాను. జత లేదు, ఒక్కటే. ఇంటికి వచ్చాక మా అమ్మాయి చూసి, "నాన్నా, దీని కొమ్ము ఒకటి కొంచెం వంగిందేం?" అని అడిగింది. మైనం చుట్టిన చేతి గురించి, పగలగొట్టిన మట్టి గురించి చెప్పాను. ఆ పాత జింకల జత గురించి మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు. చెప్పడానికీ దాని గురించి ఏమీ లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. డోక్రా పద్ధతిలో ఒకేలాంటి రెండు బొమ్మలు ఎందుకు రావు? మీ మాటల్లో రాయండి.
2. జింకల బేరంలో పనివాడికి కలిగిన నష్టం ఏమిటని రచయిత అంటున్నారు? మీరు ఏకీభవిస్తారా? కారణం చెప్పండి.
3. "వర్తకుడి లాభం మీద బేరం ఆడండి, పనివాడి కూలి మీద ఆడకండి." కొనేవారికి ఈ తేడా ఎలా తెలుస్తుంది? చర్చించండి.
4. కృత్యం: మీ ఊళ్లో తయారయ్యే ఒక వస్తువును ఎన్నుకోండి. చేసేవారి దగ్గరకు వెళ్లి మూడు ప్రశ్నలూ అడగండి. తెలుసుకున్నది పది వాక్యాల్లో రాయండి.