ఓడిన ఆటనూ ఆడండి
2012లో వచ్చిన ‘ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్’ వీడియో గేమ్‌లో సైనికుల బ్యారక్స్‌లో ఒక స్మారక గోడ ఉంటుంది, చనిపోయిన ప్రతి సైనికుడి పేరూ అక్కడికి చేరుతుంది. గురి తప్పినప్పుడల్లా పాత సేవ్‌ను లోడ్ చేసేవాళ్లకు ఆ గోడ ఎప్పటికీ ఖాళీయే. రీలోడ్ మోసం అనేవాళ్లతో నేను ఏకీభవించను; ఒంటరిగా ఆడే ఆటలో మోసపోయేవాళ్లంటూ ఎవరూ లేరు. నా అభ్యంతరం వేరు. ఓటమి కోసమే పని గట్టుకుని రాసిన కథ మన కళ్లబడకుండా పోతుంది. 2019 నాటి ‘డిస్కో ఎలీసియం’లో పాచికలు ఎదురు తిరిగినా కథ చాలాసార్లు ఆగిపోదు, మరో దారి పడుతుంది, కథానాయకుడైన డిటెక్టివ్ పరువు పోయే సంభాషణల్లోనే మనిషిగా అతను మనకు బాగా దగ్గరవుతాడు. డబ్బు పెట్టి కొన్నాం, మా ఇష్టం అంటారు కొందరు. నిజమే, కానీ ఆ డబ్బులో ఈ సన్నివేశాల ఖరీదు కూడా ఉంది కదా! బగ్ వల్ల ఆట చెడితే, చెయ్యి జారి వేరే బటన్ నొక్కితే నిరభ్యంతరంగా వెనక్కి వెళ్లండి. మీ అంచనా తప్పి ఓడితే మాత్రం ఆ సేవ్ ఫైల్ జోలికి పోకండి, ఇంకో గంట ఆడి చూడండి.