రెండవ వంతెన

అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరాఖ్యుని కథ తెలియని తెలుగు విద్యార్థి అరుదు. సిద్ధుడిచ్చిన పసరు పాదాలకు పూసుకొని, అతడు అరుణాస్పదపురం నుండి క్షణంలో హిమగిరికి చేరుకొన్నాడు. కనులపండువుగా ఆ కొండలను, సెలయేళ్ళను చూశాడు. తీరా ఇంటికి మరలబోయేసరికి మంచు సోకి పసరు కరిగిపోయిందని తెలిసింది. ఇంటివద్ద అగ్నిహోత్రానికి వేళ మించిపోతున్నది. తల్లిదండ్రులు ఎదురుచూస్తుంటారు. దారి చెప్పేవారు లేరు. ఆ నిస్సహాయతలోనే వరూధిని ఎదురుపడటం, తరువాతి కథంతా నడవటం జరిగింది.

ఈ ఘట్టాన్ని మనం సాధారణంగా ప్రవరుని నిష్ఠకు నిదర్శనంగా చదువుకొంటాము. అందులో లోకజ్ఞానానికి సంబంధించిన మాట కూడా ఒకటి ఉంది. పసరులో దోషం లేదు. అది అతణ్ణి అనుకొన్న చోటికి చేర్చింది. ఆ ఒక్క సాధనం పోతే ఎట్లా అన్న ఆలోచన లేకుండా బయలుదేరటమే అతడు చేసిన పొరపాటు.

నేటి విద్యార్థికి ఇంటర్నెట్ అటువంటి పాదలేపం. పరీక్ష రుసుము చెల్లించాలన్నా, హాల్ టికెట్ తీసుకోవాలన్నా, ఫలితం చూసుకోవాలన్నా అదే ఆధారం. తెలంగాణలో 2016 నుండి డిగ్రీ ప్రవేశాలు ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ పద్ధతిలోనే జరుగుతున్నాయి. కళాశాల గుమ్మం తొక్కక ముందే ఏ కళాశాల, ఏ కోర్సు కావాలో గడువులోగా నమోదు చేయాలి. గడువు దాటితే ఎంతటి మార్కులైనా ఆ విడతకు అక్కరకు రావు. అటువంటి గడియలో ఇంటిలోని కనెక్షన్ ఆగిపోతే చేయవలసినదేమిటి? చేతిలో ఇమిడే మొబైల్ హాట్‌స్పాట్‌ను గురించి ఆలోచించవలసి రావటానికి ఈ ప్రశ్నే కారణం.

హాట్‌స్పాట్ నిర్మాణం సులభంగా అర్థమయ్యేదే. అగ్గిపెట్టెకు కాస్త పెద్దదైన ఒక పెట్టె. దానిలో ఒక సిమ్, ఒక బ్యాటరీ ఉంటాయి. సెల్ ఫోన్ వలెనే అది దగ్గరి టవరు నుండి 4జి లేదా 5జి తరంగాలను అందుకొంటుంది. అందుకొన్నదానిని వైఫైగా మార్చి చుట్టూ కొద్ది మీటర్ల మేర పంచిపెడుతుంది. సిమ్ లేని ట్యాబ్, ల్యాప్‌టాప్ వంటివి దాని ద్వారా ఇంటర్నెట్‌ను పొందుతాయి. ఈ పని స్మార్ట్ ఫోన్ కూడా చేయగలదు. కానీ ఫోన్ దాని యజమాని వెంట పోతుంది. తండ్రి ఉదయం పనికి పోతే ఇంటి ఇంటర్నెట్ కూడా ఆయన జేబులోనే పోతుంది. విడిగా ఉన్న పరికరం ఇంటిని కనిపెట్టుకొని ఉంటుంది. రెండింటికీ గల ముఖ్యమైన భేదం ఇదే.

ఈ అవసరం హైదరాబాదు పాతబస్తీలో నివసించేవారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదేమో. గౌలిపురా, లాల్ దర్వాజ, శాలిబండ, యాకుత్‌పురా గల్లీలలో తల పైకెత్తి చూస్తే ఆకాశం కంటే తీగలే ఎక్కువగా కనిపిస్తాయి. కరెంటు తీగలు, టీవీ కేబుళ్ళు, ఇంటర్నెట్ తీగలు ఒకే స్తంభాన్ని చుట్టుకొని జడలు కట్టి వేలాడుతుంటాయి. ఎత్తుగా సామాను నింపిన వాహనం ఒకటి ఆ సందులోకి వస్తే చాలు, పది ఇళ్ళ సంబంధం తెగిపోతుంది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి విద్యుత్తు సోకి ఐదుగురు మరణించారు. ఆ వెంటనే పాతబస్తీలోని బండ్లగూడలో వినాయక విగ్రహాన్ని తరలిస్తూ ఇద్దరు యువకులు బలి అయ్యారు. దరిమిలా విద్యుత్ సంస్థ స్తంభాలపై ఉన్న కేబుళ్ళను పెద్ద ఎత్తున తొలగించింది. నగరంలో చాలా ఇళ్ళకు ఇంటర్నెట్ నిలిచిపోయింది. ప్రాణరక్షణ కోసం చేసిన పనిని తప్పుపట్టలేము. అయితే ఆ రోజులలో ఇంటి నుండి చదువుకొనేవారికి, పనిచేసేవారికి కలిగిన ఇక్కట్లు కూడా కాదనలేనివి.

అంతకు ముందు 2020వ సంవత్సరం ఇంకొక పాఠం చెప్పింది. కరోనా కారణంగా ఆ సెప్టెంబరు 1 నుండి రాష్ట్రంలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి వంటి మాధ్యమాల ద్వారా పాఠాలు ప్రారంభమైనాయి. నెలన్నర తిరగక ముందే అక్టోబరు 13న కుండపోత వర్షం కురిసింది. ఫలక్‌నుమా పరిసరాల కాలనీలు నీట మునిగాయి. కొద్ది రోజులకే గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ జలమయమైంది. తరగతి గది మూతపడి ఇల్లే బడిగా మారిన కాలంలో, ఆ ఇల్లు కూడా మునిగింది. పుస్తకాలు తడిసిన పిల్లలకు పాఠం చేరే దారి ఏది?

మా కళాశాలలో చదివిన ఒక విద్యార్థిని అనుభవం ఇక్కడ చెప్పదగినది. ఆమెది గౌలిపురా దగ్గరి ఒక ఇరుకు గల్లీ. తండ్రి లాడ్ బజారులో గాజుల దుకాణంలో పనిచేస్తాడు. ఇంటిలో ఉన్న ఒకే స్మార్ట్ ఫోన్ ఆయన దగ్గర ఉంటుంది. పండుగ రోజులు కావటం వలన దుకాణం అర్ధరాత్రి వరకు తెరిచే ఉంది. ఆ రాత్రితో దోస్త్ ఆప్షన్ల గడువు ముగుస్తుంది. సాయంకాలం గల్లీ మొదట్లో తీగ తెగింది. ఆమె పొరుగింటివారి చిన్న ఫోన్ అడిగి నాకు ఫోన్ చేసింది. “సార్, ఇంట్ల నెట్ పోయింది. ఈ రాత్రికే ఆఖరంట. నెట్ సెంటర్‌కు పోతానంటే అమ్మ వద్దంటున్నది” అన్నది. రాత్రి తొమ్మిది దాటిన తరువాత పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లను ఒంటరిగా పంపటానికి ఆ తల్లి జంకటంలో ఆశ్చర్యం లేదు. నేనున్నది నగరానికి మరొక కొసన. ఏమి చెప్పాలో తోచలేదు.

పొరుగింటి ఖాలా ఆ మాటలు విన్నది. ఆమె కొడుకు జెద్దాలో పనిచేస్తాడు. తల్లి ట్యాబ్‌లో తన ముఖం చూసి మాట్లాడటానికి వీలుగా ఒక చిన్న హాట్‌స్పాట్ కొనిపెట్టి వెళ్ళాడు. ఖాలా ట్యాబ్‌ను, ఆ పెట్టెను కూడా తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది. కింది గదిలో సిగ్నల్ అందలేదు. పాతకాలపు డంగుసున్నం గోడలు అడ్డం. ఇద్దరూ మిద్దె మీదికి ఎక్కారు. ట్యాంకు పక్కన పెట్టెను పెట్టి, వెలుగు కోసం టార్చి పట్టుకొని ఖాలా కూర్చున్నది. పన్నెండు గంటలకు ఇంకా ఇరవై నిమిషాలు ఉండగా ఆప్షన్లు నమోదైనాయి. ఆ అమ్మాయి తాను కోరుకొన్న బి.ఎస్సి.లో చేరింది. ఖాలాకు ఆ కోర్సు పేరు పలకటం రాదు. కానీ ఆ సీటులో ఆమెకూ భాగం ఉన్నదని నేను భావిస్తాను.

ఈ సంఘటన వలన హాట్‌స్పాట్ ప్రయోజనంతోపాటు దాని పరిమితులు కూడా తెలుస్తున్నాయి. మొదటిది, అది తనకు తానుగా సిగ్నల్‌ను పుట్టించలేదు. నీరున్న బావిలో చేద వేస్తే నీరు వస్తుంది. ఎండిన బావిలో బంగారు చేద వేసినా ప్రయోజనం లేదు. కాబట్టి ఇంటిలో సిగ్నల్ బాగా అందే చోటు ఏదో అవసరం రాకముందే వెదికి పెట్టుకోవాలి. కిటికీ అంచు, మేడమెట్ల మలుపు, మిద్దె - ఏదైనా కావచ్చు. మందపాటి రాతి గోడలు తరంగాల బలాన్ని తగ్గిస్తాయి.

రెండవది, ప్రత్యామ్నాయం నిజంగా ప్రత్యామ్నాయమే కావాలి. ఇంటి కనెక్షన్ ఏ సంస్థదో, హాట్‌స్పాట్‌లోని సిమ్ కూడా అదే సంస్థది అయితే, ఆ సంస్థ వ్యవస్థలో లోపం వచ్చినపుడు రెండూ ఒకేసారి పోవచ్చు. మొబైల్ టవర్లు కూడా చాలావరకు భూమి మీది తీగలతోనే అనుసంధానమై ఉంటాయన్నది మనం మరచిపోరాదు. వేరొక సంస్థ సిమ్ వేసుకోవటం కొంత మేలు. కరెంటు పోయినపుడు ఇంటిలోని రౌటర్ ఆగిపోతుంది గాని, బ్యాటరీ ఉన్న హాట్‌స్పాట్ కొన్ని గంటలపాటు పనిచేస్తుంది. ఆ బ్యాటరీని నిండుగా ఉంచటం మన పని. అలమరలో ఆరు నెలలు మరచిపోయిన పరికరం ఆపత్కాలంలో పలుకదు. రీఛార్జి గడువు తీరిన సిమ్ కూడా అంతే.

మూడవది, పొదుపు. వీడియో పాఠం గంటసేపు వింటే నాణ్యతను బట్టి అర గిగాబైటు నుండి ఒక గిగాబైటు దాకా ఖర్చవుతుంది. ఇంటిల్లిపాదీ దానికి తగులుకొని సినిమాలు చూస్తే, అవసరానికి మిగిలేది శూన్యం. గల్లీ మొత్తానికి తీగ తెగినపుడు అందరూ ఒకే టవరును ఆశ్రయిస్తారు, వేగం మందగిస్తుంది. కాబట్టి దరఖాస్తు పనిని చివరి గంట వరకు వాయిదా వేయకపోవటమే అన్నింటికంటే గొప్ప ప్రత్యామ్నాయం.

నాలుగవది, భద్రత. పెట్టె వెనుక ముద్రించి ఉన్న పాస్‌వర్డును మొదటిరోజే మార్చుకోవాలి. సిమ్ ఎవరి పేరు మీద ఉంటే, దాని ద్వారా జరిగే పనులకు ముందుగా సమాధానం చెప్పవలసినది వారే. పొరుగువారికి సహాయం చేయటం వేరు, ముక్కూముఖం తెలియనివారికి తలుపు తెరిచిపెట్టటం వేరు.

ప్రయాణంలోనూ ఇవే సూత్రాలు వర్తిస్తాయి. మన పూర్వులు బయలుదేరేముందు చద్దిమూట కట్టుకొనేవారు. సంస్కృతంలో దానిని పాథేయం అన్నారు. దారిలో పూటకూళ్ళ ఇల్లు ఉంటుందో ఉండదో తెలియదు కనుక ఆ జాగ్రత్త. హాట్‌స్పాట్ అటువంటి పాథేయమే. రైల్వే స్టేషనులోనో, హోటలులోనో దొరికే అందరి వైఫై కంటే సొంతది మేలు. బ్యాంకు లావాదేవీల వంటివాటికి ఈ నియమం మరీ ముఖ్యం. అయితే హైదరాబాదు నుండి శ్రీశైలం పోయేటపుడు నల్లమల అడవిలో ఎన్నోచోట్ల ఏ సిగ్నలూ ఉండదు. అక్కడ పెట్టె ఉన్నా లేనట్లే. టికెట్టు, చిరునామా, పాఠం - ఏది అవసరమో దానిని ముందే ఫోనులో భద్రపరచుకోవాలి. ఒక కాగితం మీద రాసుకొంటే మరీ మంచిది. కాగితానికి ఛార్జింగు అక్కరలేదు.

ఇంతకూ ఒక ఆక్షేపణ ఉంది. ఒక కనెక్షనుకే దిక్కులేని ఇంటికి రెండవది ఎక్కడి నుండి వస్తుంది? ఇది న్యాయమైన ప్రశ్న. ప్రతివాడూ తన జాగ్రత్త తాను పడాలని చెప్పి ఊరుకొంటే, ఉన్నవానికి రెండు దారులు, లేనివానికి ఒక్కటీ లేదు అన్నట్లవుతుంది. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ఒక కళాశాల విద్యార్థిని వేసిన కేసులో, ఇంటర్నెట్‌ను పొందటం విద్యాహక్కులో భాగమని చెప్పింది. హక్కు అన్నపుడు దాని భారమంతా బీదవాని భుజాల మీద మోపటం తగదు.

దీనికి మార్గం మన సంప్రదాయంలోనే ఉంది. పాతూరి నాగభూషణం వంటి గ్రంథాలయోద్యమ కార్యకర్తల కృషితో 1935లో తెనాలి ప్రాంతపు కాలువల మీద పడవ గ్రంథాలయం నడిచింది. పాఠకుడు పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే పాఠకుని దగ్గరికి పోవాలన్నది వారి ఆశయం. ఈ కాలంలో న్యూయార్క్ ప్రజా గ్రంథాలయం, ఇంటిలో ఇంటర్నెట్ లేనివారికి పుస్తకాల వలెనే హాట్‌స్పాట్‌లను అరువిచ్చింది. మన జూనియర్ కళాశాలలు, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, గల్లీలలోని శాఖా గ్రంథాలయాలు ఆ పని ఎందుకు చేయకూడదు? ఒక్కొక్క కళాశాలలో అయిదారు పరికరాలు ఉన్నా చాలు. ప్రవేశాల రోజులలో, వరదల రోజులలో అవసరమైన పిల్లలకు వారం పాటు ఇచ్చి తిరిగి తీసుకోవచ్చు. ఆ పరికరాల కోసం మా అధ్యాపకులు తలా కొంత వేసుకోవలసి వచ్చినా అది పెద్ద భారం కాదని నా అభిప్రాయం.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన మహోత్పాతాన్ని ఈ నగరం నేటికీ మరువలేదు. వేలాది ప్రాణాలు పోయాయి. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలను వరద కూల్చివేసింది. 1578లో కుతుబ్‌షాహీలు కట్టించిన పురానాపూల్ మాత్రం దెబ్బలు తిన్నా నిలిచింది. తరువాత నగరం పెద్దలు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినాయి. కూలిన వంతెనలను తిరిగి కట్టటంతో తృప్తిపడక, మళ్ళీ వరద వస్తే ఎట్లా అని వారు ఆలోచించారు.

విద్యార్థులారా! మీ ఇంటికీ ప్రపంచానికీ నడుమ నేడు ఉన్నది ఒకే వంతెన అయితే, రెండవదాని సంగతి ఆలోచించండి. అది అరచేతిలోని పెట్టె కావచ్చు, కళాశాల ఇచ్చిన అరువు కావచ్చు, మిద్దె మీద టార్చి పట్టుకొని కూర్చున్న పొరుగింటి ఖాలా కావచ్చు. మీకు ఆ వంతెన దొరికిన రోజున, దాటలేక ఒడ్డున నిలిచినవారు ఎవరైనా ఉన్నారేమో ఒకసారి వెనుదిరిగి చూడండి.