మీ గురించి చెప్పండి!

రాత్రి బండి కోసం డోర్నకల్ జంక్షన్‌లో కూర్చున్నాం. బెంచీ చివర ఓ కుర్రాడు. ఒళ్లో ప్లాస్టిక్ ఫైలు. ఇస్త్రీ చొక్కా నలగకుండా పేపర్లో చుట్టి చేత్తో పట్టుకున్నాడు. పక్కన వాళ్లమ్మ, టిఫిన్ డబ్బాతో.

"యాడికి బిడ్డా?" అడిగింది మూట మీద కూర్చున్న ఓ పెద్దావిడ.

"హైదరాబాద్ అమ్మమ్మా. రేపు ఇంటర్వ్యూ ఉంది."

అంతే! బెంచీ మొత్తం సలహాదారులైపోయారు. "కుడికాలు పెట్టి లోపలికి పో" అని ఒకరు. "నవ్వుతా మాట్లాడు" అని ఇంకొకరు. "ఎక్కువ నవ్వితే తేడాగా చూస్తరు" అని మరొకరు. అందరూ చెప్పడం అయ్యాక వాళ్లమ్మ మెల్లగా అడిగింది. "ఇంతకీ ఏం అడుగుతర్రా?"

"తెల్వదమ్మా" అన్నాడు వాడు.

ఆ రెండు ముక్కల్లోనే ఉంది అసలు సంగతంతా. డోర్నకల్‌కి ఉద్యోగం కొత్తకాదు. ఈ ఊరు (ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా) పెరిగిందే ఉద్యోగాల మీద. కాజీపేట-విజయవాడ లైను ఒకవైపు, నిజాం కాలంలో ఎల్లందు బొగ్గు కోసం వేసిన లైను మరోవైపు. రైల్వే అంటే ఏమిటో, సింగరేణి అంటే ఏమిటో ఇక్కడి తాతలకు తెలుసు. ఆ పరీక్షకు ఏం చదవాలో, ఎవరిని అడగాలో కూడా తెలుసు. సాఫ్ట్‌వేర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇంట్లో పెద్దవాళ్లెవరూ ఆ గది లోపలికి వెళ్లి వచ్చినవాళ్లు కారు. పిల్లాడు ఒంటరిగానే వెళ్లాలి!

పజిళ్ల నుంచి కెమెరా దాకా

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ప్రతి ఊరి నుంచీ బండెక్కడం మొదలైంది. 2000 తర్వాత అమీర్‌పేట హాస్టళ్లలో ఉన్నవాళ్లనడగండి, కథలు కథలుగా చెబుతారు. ఇన్ఫోసిస్ రాతపరీక్ష అంటే పజిళ్లు. అందుకే శకుంతలాదేవి పజిళ్ల పుస్తకం జిరాక్సు కాపీలు గదికొకటి ఉండేవి. టీసీఎస్ కోసం అమెరికా వెళ్లేవాళ్లు చదివే జీఆర్ఈ ఇంగ్లిష్ మాటలు బట్టీ పట్టేవాళ్లు. తర్వాత గ్రూప్ డిస్కషన్, ఆపైన టెక్నికల్, చివరికి హెచ్ఆర్. నాలుగు గడపలు దాటాలన్నమాట.

దాటినా నిశ్చింత లేదు. 2008 మాంద్యంలో, 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడ్డప్పుడు ఆఫర్ లెటర్లు ట్రంకుపెట్టెలో పెట్టుకుని నెలల తరబడి ఎదురుచూసిన పిల్లలెందరో. 2023లోనూ అంతే. ఏడాదికి ఆరున్నర లక్షలని చెప్పిన కొత్తవాళ్లను మూడున్నర లక్షలకు చేరతారా అని విప్రో అడిగింది. ఉద్యోగం వచ్చిందని ఊరంతా స్వీట్లు పంచిన ఇంట్లో ఆ మెయిలు చదవడం ఎంత కష్టమో ఆలోచించండి.

అన్నట్టు, ఆ పజిళ్ల సంగతి. అలాంటి చిక్కుప్రశ్నలతో అభ్యర్థుల్ని ముప్పుతిప్పలు పెట్టిన గూగుల్‌లోనే, నియామకాలు చూసిన పెద్దాయన లాస్లో బాక్ 2013లో తేల్చి చెప్పారు... వాటివల్ల మనిషి పనితనం ఏమాత్రం తెలియదని! పజిల్ తప్పి ఇంటికొచ్చి, నేను మొద్దునేమో అని కుమిలిపోయినవాళ్లకు ఆ మాట పదేళ్లు ఆలస్యంగా అందింది.

ఏడుస్తున్న పసిబిడ్డ

ఇంటర్వ్యూ గదిలో తడబడ్డవాళ్లలో మన సత్య నాదెళ్ల కూడా ఉన్నారంటే నమ్ముతారా? 1992లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్లినప్పటి సంగతి. రోజంతా కోడింగ్ ప్రశ్నలు. చివరగా వచ్చినాయన, "రోడ్డు మీద ఓ పసిబిడ్డ పడి ఏడుస్తోంది. ఏం చేస్తావు?" అన్నాడట. ఇందులో ఏదో మెలిక ఉందనుకుని నాదెళ్ల కాసేపు ఆలోచించి, ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేస్తానన్నారు. ఆయన లేచి, ముందు బిడ్డను ఎత్తుకోవాలయ్యా అన్నాడట!

ఉద్యోగం రాదనే అనుకున్నారు నాదెళ్ల. వచ్చింది. 2014లో ఆ కంపెనీకే అధిపతి అయ్యారు. తర్వాత ఆయనే తన పుస్తకంలో ఈ కథ రాసుకున్నారు. తెలివైనవాడు కూడా తప్పు జవాబు చెబుతాడు. ఒక్క తప్పు జవాబుతో తలుపులన్నీ మూసుకుపోవు. అయితే తలుపు తెరిచేవాళ్లు అన్నిచోట్లా అంత పెద్దమనసుతో ఉండరు, అది వేరే సంగతి.

"ఆ చప్పుడేంటి?"

2020 తర్వాత చాలా ఇంటర్వ్యూలు ఇంట్లోకే వచ్చేశాయి. మా బండి గంట లేటని తెలిశాక, ఆ కుర్రాడే తన పాత అనుభవం చెప్పాడు. వాళ్ల ఇల్లు పట్టాలకు దగ్గర. సిగ్నల్ కోసం డాబా మీద కుర్చీ వేసుకుని, పైన చొక్కా, కింద లుంగీతో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. అవతలి మేడమ్ 'సెమాఫోర్' అంటే ఏమిటని అడిగింది. సరిగ్గా అప్పుడే గూడ్సు బండి కూత!

"ఆ చప్పుడేంటి?"

"జంక్షన్ మేడమ్. మా తాత రైల్వేలో చేసిండు."

అంటూనే వాడికి దారి దొరికింది. సెమాఫోర్ అంటే చెయ్యిలా పైకీ కిందికీ ఆడే పాతకాలం రైలు సిగ్నలే. 1960ల్లో డైక్‌స్ట్రా అనే డచ్ శాస్త్రవేత్త ఆ పేరును కంప్యూటర్లోకి తెచ్చాడు. ఒకే లైను మీద ఎదురెదురుగా రెండు బళ్లు రాకూడదు కదా! అందుకే వెనకట డ్రైవరు చేతికి టోకెన్ ఇచ్చేవారు. టోకెన్ ఉన్న బండే ముందుకు కదలాలి. కంప్యూటర్లోనూ రెండు ప్రోగ్రాములు ఒకేచోట తలదూర్చకుండా ఆపేది ఇలాంటి ఏర్పాటే. తాత చెప్పిన కథను వాడు మేడమ్‌కు చెప్పాడు. వచ్చీరాని ఇంగ్లిష్‌లోనే. ఆవిడ నవ్వి, బాగా చెప్పావంది.

"అయితే ఉద్యోగం వచ్చినట్టే కదా?" అన్నాను ఆత్రంగా.

"లేదన్నా. మెయిల్ రాలే."

ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. పోయినవాడికి పోయిన కారణం చెప్పే కంపెనీలు తక్కువ. పదో తరగతి తప్పితే మార్కుల లిస్టయినా వస్తుంది. ఇక్కడ అదీ లేదు. చదువు తక్కువైందా, ఇంగ్లిష్ తక్కువైందా, ఆ రోజు ఖాళీలే తక్కువయ్యాయా? తెలియదు. తెలియని కారణాన్ని పిల్లలు తమమీదే వేసుకుంటారు. చూస్తున్న తండ్రులు ఇంకో దారి వెతుకుతారు.

ఆ ఇంకో దారి...

అదే ప్రయాణంలో పరిచయమైన ఓ మిర్చి రైతు, పేపర్లో పనిచేస్తానని తెలిసి పక్కకు పిలిచాడు. "సారూ, రెండు లక్షలు కడితే బ్యాక్‌డోర్ల పెట్టిస్తమంటున్రు. పంట పైసలున్నయి. కట్టమంటరా?"

కట్టొద్దన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. పేరున్న కంపెనీ ఏదీ ఉద్యోగానికి అభ్యర్థి దగ్గర పైసా తీసుకోదు. ఇన్ఫోసిస్, టీసీఎస్ లాంటివి ఆ మాట బహిరంగంగానే చెబుతాయి. మోసగాళ్ల పద్ధతి మాత్రం దాదాపు ఎక్కడైనా ఒకటే. ముందు సగం డబ్బు, కంపెనీ గుర్తుతో ఓ ఆఫర్ లెటర్, రెండు నెలల 'ట్రైనింగ్', ఆ తర్వాత ఆఫీసుకు తాళం. అనుభవం ఉన్నట్టు దొంగ సర్టిఫికెట్ ఇప్పిస్తామనేవాళ్లూ ఉంటారు. చేరాక కంపెనీలు పాత వివరాలన్నీ ఆరా తీస్తాయి. దొరికితే ఆ ఉద్యోగమే కాదు, పరువూ పోతుంది.

"మరి మావోడికెట్ల?" అన్నాడాయన. ఆ ప్రశ్నకు నా దగ్గర రెండు లక్షల విలువైన జవాబు లేదు. ఆ డబ్బులో కొంత పెట్టి నాలుగు నెలలు మంచిచోట నేర్పించమన్నాను. తప్పిన ప్రతి ఇంటర్వ్యూలో ఏం అడిగారో ఓ నోటుపుస్తకంలో రాయించమన్నాను. మూడు ఇంటర్వ్యూలు రాసి చూస్తే, మళ్లీమళ్లీ ఎక్కడ ఆగుతున్నాడో వాడికే తెలుస్తుంది. కంపెనీ ఇవ్వని మార్కుల లిస్టు అలా మనమే తయారుచేసుకోవాలి.

ఇంట్లోవాళ్లకో మాట

ఇంటర్వ్యూ నుంచి వచ్చిన పిల్లల్ని గుమ్మంలోనే "వచ్చిందా?" అని అడక్కండి. కాళ్లు కడుక్కోనివ్వండి. అన్నం తిననివ్వండి. ఆ తర్వాత "ఏమడిగారు?" అనండి. మీకు అర్థంకాకపోయినా వినండి. మీకు విడమరిచి చెప్పగలిగితే వాడికి అది వచ్చినట్టే. పక్కింటి వాళ్లబ్బాయి ప్యాకేజీ సంగతి మాత్రం దయచేసి ఎత్తకండి!

నా కథ కూడా చెప్పేస్తాను. 2012లో మాదాపూర్‌లో ఓ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లాను. వారం రోజులు అద్దం ముందు ఇంగ్లిష్‌లో సాధన చేశాను. లోపలాయన "మీ గురించి చెప్పండి" అన్నాడు. నా పేరు చెప్పాను. మా నాన్న పేరు చెప్పాను. ఊరి పేరు చెప్పాను. తర్వాత ఒక్క ముక్క గుర్తురాలేదు! నా గురించి చెప్పడానికి అంతకుమించి నా దగ్గర ఏమీ లేదా అనిపించింది. "కబురు చేస్తాం" అన్నారు. నెల రోజులు సెల్‌ఫోను పక్కలో పెట్టుకుని పడుకున్నాను. కబురు రాలేదు. జర్నలిజం డిప్లొమాలో చేరాను. ఇప్పుడు కొత్తవాళ్లను కలిసి, "మీ గురించి చెప్పండి" అని అడగడమే నా ఉద్యోగం. తడబడేవాళ్లను చూస్తే తొందరపెట్టబుద్ధి కాదు. మంచినీళ్లిచ్చి కాసేపు ఆగుతాను.

బండి వచ్చింది. కుర్రాడు చొక్కా జాగ్రత్తగా పైకెత్తి పట్టుకుని ఎక్కాడు. వాళ్లమ్మ కిటికీ దగ్గరికొచ్చి డబ్బా అందించింది. జాగ్రత్తలేమీ చెప్పలేదు.

"వచ్చినంక ఏమడిగిన్రో చెప్పు" అంది అంతే.

ఆ మిర్చి రైతు మొన్న ఫోన్ చేశాడు. డబ్బు కట్టలేదట. వాళ్లబ్బాయి నోటుపుస్తకంలో ఇప్పటికి నాలుగు ఇంటర్వ్యూలు రాశాడట. వచ్చే వారం అయిదోది.