ఇక అరటిపళ్ళు చాలు

మొన్న హైదరాబాదు నుంచి ఒక మిత్రుడు రెండు పుటల కాగితం పంపాడు. విశ్రాంత జీవితం గడిపే పెద్దల కోసం కట్టిన ఒక ఖరీదైన నివాస సముదాయంలో నెలనెలా పంచే కార్యక్రమాల పట్టిక అది. మొదటి ఆదివారం భజన. రెండో ఆదివారం హౌసీ. మూడో ఆదివారం ఆ నెలలో పుట్టినవాళ్ళందరికీ కలిపి ఒకే కేకు. నాలుగో ఆదివారం నవ్వుల సంఘం. వెనుక పుటలో గీతలు గీసి ఒక గడి కట్టి, దానికి ‘తేలికపాటి పఠనం’ అని పేరు పెట్టారు. అందులో రెండు జోకులు, మోకాళ్ళ నొప్పికి మెంతుల చిట్కా, ఒక నీతికథ. “మీ ముస్తాబాదు వైపున్న ఆశ్రమానికి కూడా ఇలాంటిదొకటి తయారుచేసి ఇవ్వరాదూ, నీకు రాసే అలవాటుంది గదా” అని మిత్రుడి సలహా.

మిత్రుడు మంచివాడే. ఆ కాగితం తయారుచేసినవాళ్ళూ చెడ్డవాళ్ళు కారు. అయినా ఆ రెండో పుట చదివినప్పటి నుంచీ నాకు మనసు కుదుటపడలేదు. డెబ్భై ఎనభై ఏళ్ళు బతికిన మనిషికి నీతికథ చెప్పే సాహసం మనకెక్కడి నుంచి వచ్చిందన్నదే నా ప్రశ్న. మిత్రుడికి జవాబుగా మొదలుపెట్టిన ఉత్తరం పెరిగి పెరిగి ఈ టపా అయింది.

నేను అప్పుడప్పుడు వెళ్ళే ఆశ్రమం మా ముస్తాబాదుకు అంత దూరమేమీ కాదు. పేరు చెప్పను, చెప్పి ఎవరినీ ఇబ్బంది పెట్టదలచుకోలేదు. అక్కడ నెలవారీ పట్టిక అంటూ ఏమీ లేదు గానీ కార్యక్రమాలకు మాత్రం కొదవ లేదు. ఎవరి పుట్టినరోజైనా, ఎవరి పెళ్ళిరోజైనా, ఏ నాయకుడి జయంతి అయినా అరటిపళ్ళ గెలలు దిగుతాయి. బ్రెడ్డు పొట్లాలు వస్తాయి. వెనుక ఒక గుడ్డ బ్యానరు కడతారు. ఫొటో తీసుకుంటారు. వెళ్ళిపోతారు. అక్టోబరు 1న మరీ సందడి. వృద్ధుల కోసం ఏడాదిలో ఒక రోజు ఉండాలని 1990 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానించింది గదా, ఆ రోజు. పోయినసారి ఆ ఒక్క పూటలోనే మూడు బృందాలు వచ్చి మూడుసార్లు పళ్ళు పంచాయి. “గిన్ని పండ్లు తిని ఏం జెయ్యాలె బిడ్డా, అందరం షుగరోళ్ళమే” అన్నది ఒక అవ్వ. ఆ మాట ఎవరి ఫొటోలోనూ పడలేదు.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమాల కోసం పార్లమెంటు 2007లో ఒక చట్టం చేసింది. అందులో 19వ సెక్షను ఆశ్రమాల గురించినది. నిరుపేదలైన వయోవృద్ధులు కనీసం 150 మంది ఉండగలిగే ఆశ్రమం జిల్లాకు ఒక్కటైనా ఉండేలా ప్రభుత్వం దశలవారీగా నెలకొల్పవచ్చునంటుంది. ఆ ‘వచ్చును’ దగ్గర ఎన్ని ఆశ్రమాలు ఆగిపోయాయో లెక్కపెట్టడం నా వల్ల కాదు. నాకు ఆశ్చర్యం కలిగించింది అదే సెక్షను రెండో భాగం. ఆశ్రమాల నిర్వహణకు ప్రభుత్వం రూపొందించే పథకంలో ఏ ప్రమాణాలు, ఏ సేవలు ఉండాలో చెబుతూ వైద్యాన్నీ వినోద సాధనాలనూ ఒకే వాక్యంలో, ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. అంటే మాత్ర ఎంత అవసరమో వినోదమూ అంతే అవసరమని చట్టం రాసినవాళ్ళకు తోచింది. మనం దాన్ని గోడకు ఒక టీవీ తగిలించడంగా అర్థం చేసుకున్నాం. ఆ టీవీ రిమోటు కూడా వంటమనిషి దగ్గరే ఉంటుంది, అది వేరే సంగతి.

మన భాషలో కాలక్షేపమన్న మాట ఇంత చులకన కావడం చాలా పాత సంగతేమీ కాదు. పురాణ కాలక్షేపం, హరికథా కాలక్షేపం అన్నప్పుడు ఆ మాటకు బరువుండేది. రాత్రంతా కూర్చుని, కథకుడు ఎక్కడ తొట్రుపడితే అక్కడ సరిదిద్దగల శ్రోతలుండేవారు. ఇప్పుడా మాట బఠాణీలకు విశేషణమైంది. ముసలివాళ్ళకు ఏదో ఒక కాలక్షేపం కల్పించాలి అనేవాళ్ళ మనసులో ఉన్నది ఈ రెండో అర్థమే.

నేనూ ఆ బాపతువాడినే. దాచుకోవడమెందుకు? మొదటిసారి ఆ ఆశ్రమానికి వెళ్ళినప్పుడు ఒక సంచీ నిండా పాత వారపత్రికలు, హాస్యకథల సంపుటాలు పట్టుకుపోయాను. తేలికగా ఉంటాయి, నవ్వుకుంటారు అనుకున్నాను. ఒక హాస్యకథ చదివి వినిపించాను. బస్తీలో మొగుడూ పెళ్ళాల పోట్లాట. ఎవరూ నవ్వలేదు. మర్యాదకు ఒక తాత తల ఊపాడు. కథ అయ్యాక ఒక అవ్వ నా చంకలోని దినపత్రిక వైపు చూసి, “అండ్ల దుబాయి ముచ్చటేమన్న ఉన్నదా, జర సదువు బిడ్డా” అన్నది. ఆమె కొడుకు మస్కటులో ఉంటాడు. మా వైపు మస్కటైనా కువైటైనా అన్నీ దుబాయే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో గల్ఫుకు మనిషిని పంపని వాడకట్టు దొరకడం కష్టం. దుబాయి జైలులో దాదాపు 18 ఏళ్ళు మగ్గి ఇల్లు చేరిన ఐదుగురూ మా జిల్లావాళ్ళే. ఆమెకు కావలసిన చదువు అది. దాన్ని తేలికపాటి పఠనం అనగలమా?

అసలు ఈ మనుషులెవరో ఒక్కసారి ఆలోచించండి. ఆ ఆశ్రమంలో ఎనభై అయిదు దాటినవాళ్ళు ఇద్దరున్నారు. 1948లో రజాకార్ల భయానికి తల్లి చంకనో తండ్రి భుజానో ఎక్కి ఊరు వదిలిన పిల్లలు వాళ్ళు. డెబ్భైలూ ఎనభైలూ నడుస్తున్నవాళ్ళు 1978 నాటికి నడి యౌవనంలో ఉన్నారు. ఆ సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. మరుసటి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. దొర గడీ ముందు చెప్పులు చేత పట్టుకొని నడిచినవాళ్ళు, తరువాత ఆ గడీ తలుపులు మూతపడటం చూసినవాళ్ళు. చేమగ్గం పోయి మరమగ్గం రావడం, ఆ మరమగ్గం కూడా ఉరితాడు కావడం కళ్ళారా చూసినవాళ్ళు. ఇంత చూసిన వాళ్ళ ముందు కూర్చుని, కుందేలూ తాబేలూ పరుగుపందెం కథ చదవబోతున్నాం మనం!

ఇక్కడ నాకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం, వాళ్ళలో సగం మందికి చదువు రాదు గదా అన్నది. నిజమే, రాదు. అయితే చదువు రానివాళ్ళకు సాహిత్యం అక్కరలేదని ఎవరన్నారు? క్యూబా దేశపు చుట్టల కర్మాగారాల ముచ్చట ఒకటుంది. 1865లో హవానాలోని ఎల్ ఫిగారో అనే కర్మాగారంలో, చుట్టలు చుట్టే కార్మికులు తమలో ఒకరిని చదువరిగా పెట్టుకున్నారు. వాళ్ళు చుడుతూ ఉంటే అతడు వార్తలూ నవలలూ పెద్దగా చదివేవాడు. అతడి కూలి వాళ్ళే తమ కూలిలోంచి ఇచ్చుకునేవారు. మరుసటి ఏడాదే స్పెయిను అధికారులు ఆ చదువును నిషేధించారు. నిషేధించారంటేనే అది తేలికపాటిది కాదని తెలుస్తోంది గదా! మాంటె క్రిస్టో అనే ప్రసిద్ధమైన చుట్టకు ఆ పేరు వచ్చింది వాళ్ళు విని మెచ్చిన డ్యూమా నవల నుంచే అంటారు. అమెరికాలోని టాంపాలో యజమానులు 1931లో చదువరులను తీసేసి ఆ స్థానంలో రేడియోలు పెట్టారు. మన ఆశ్రమాల గోడ మీది టీవీకి ముత్తాత ఆ రేడియో.

మా ఆశ్రమంలోని అవ్వల్లో ఎక్కువ మంది బీడీలు చేసినవాళ్ళే. ఒళ్ళో చేట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి, వెయ్యికింత అని కూలి తీసుకున్నవాళ్ళు. చేతులకు తీరిక లేకపోయినా చెవులకు తీరికే. వాకిట్లో నలుగురు కూర్చుని బీడీలు చేస్తుంటే కథలు సాగేవి, పాటలు సాగేవి. మా చిన్నప్పుడు గల్ఫు ఉత్తరం వస్తే చదవడానికి మా బోటి బడిపిల్లలను పిలిచేవారు. ఒక్క ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివించుకునేవారు, నాలుగోసారికి మాట పొల్లుపోకుండా వాళ్ళే అప్పజెప్పేవారు. వాళ్ళకు వినడమంటే చదవడమే.

కథ వినడంలో వాళ్ళెంత గట్టివాళ్ళో చెప్పాలంటే మా నేల గురించి చెప్పాలి. సినారె పుట్టిన హనుమాజీపేటే ఒగ్గుకథకుడు మిద్దె రాములు ఊరు కూడా. పద్మశాలీల వాడకు కూనపులివాళ్ళు చేర్యాల నకాషీలు గీసిన పటం పట్టుకొని వచ్చి, మార్కండేయ పురాణం రాత్రుళ్ళ తరబడి చెప్పేవారు. కులపురాణంలో ఒక్క గొలుసు తప్పితే ముందు వరుసలోని ముసలమ్మ ఊరుకునేది కాదు. ఆ ముసలమ్మల కూతుళ్ళూ కోడళ్ళూ ఇవాళ ఆశ్రమంలో మంచాల మీద ఉన్నారు. వాళ్ళ ముందు సీడీలో భజన పెట్టి, చప్పట్లు కొట్టండమ్మా అంటున్నాం.

దేవుడి పుస్తకాలే అడుగుతారండీ అంటారు నిర్వాహకులు. అడుగుతారు, అడగనివ్వండి. కానీ రామాయణం తేలికపాటి పఠనమని ఎవరు చెప్పారు? సీతను అడవిలో వదిలివచ్చే ఘట్టాన్ని ఆ వరండాలో చదివి చూడండి, కొడుకు ఆటోలో దించి వెళ్ళిన తల్లి ముఖంలోకి చూస్తూ చదవగలరేమో చూద్దాం. నేను చదవలేకపోయాను, ఆ రోజు పుస్తకం మూసేశాను. “ఎందుకు ఆపినవ్, మాకు ఎర్కలేని కథనా” అని ఆమే గద్దించింది.

హాస్యకథల సంచీ విఫలమయ్యాక నేను దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ పట్టుకుపోయాను. నెలకు రెండు శనివారాలు, పూటకు పది పన్నెండు పుటలు. వెట్టి, గడీ, ఆడబాపలు, అన్నీ ఉన్న నవల. ముసలివాళ్ళ మనసు కష్టపడుతుందని నిర్వాహకుడు సందేహించాడు. మనసు కష్టపడింది నిజమే, కానీ మొద్దుబారలేదు. పది పుటలు చదవడానికి రెండు గంటలు పట్టేది, ఎందుకంటే ప్రతి పుటకూ ఒకరు ఆపేవారు. మా ఊరి దొర ఇంతకంటే ఘోరమని ఒకరు, కాదు మా దొరసాని మంచిదని ఇంకొకరు. ఇద్దరు తాతలకు మాటా మాటా పెరిగి వారం రోజులు పలకరింపులు లేవట. ఆశ్రమంలో ఇద్దరు మనుషులు ఒక కథ మీద అలిగేంత ప్రాణంతో ఉన్నారంటే నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. నర్మాల దగ్గర ఎగువ మానేరు కట్టకు తన తండ్రి మట్టి మోశాడని ఒక తాత చెప్పిన ముచ్చట ఏ పుస్తకంలోనూ లేదు. ఆ పూట నవల పక్కన పెట్టి ఆయన చెప్పిందే విన్నాం.

అందరికీ చదివి వినిపించడమే మందు అనీ అనను. మరమగ్గాల చప్పుడులో నలభై ఏళ్ళు పనిచేసి చెవులు పోయిన ఒక నేతతాత ఉన్నాడు. ఆయనకు చదువు వచ్చు, వినపడదు. నేను చదివినంతసేపూ ఓపికగా కూర్చుని, చివర పుస్తకం చేతిలోకి తీసుకొని భూతద్దంతో ఆ పుటలు తానే చదువుకుంటాడు. పెద్ద అక్షరాల తెలుగు పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. మన ప్రచురణకర్తలు పిల్లలకు వేస్తారు పెద్ద అక్షరాలు, పెద్దలకు వేయాలన్న ఆలోచన ఎవరికీ ఉన్నట్టు లేదు. చివరికి నేనే కొన్ని కథలను గణకంలో అక్షరాలు పెంచి అచ్చుతీసి ఇచ్చాను. యూనికోడు నేర్చుకున్నందుకు నాకు ఇన్నేళ్ళలో దక్కిన గొప్ప ప్రయోజనం అది.

డబ్బెక్కడిదంటారా? 1960 నాటి పౌరగ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. ఈ అవ్వలూ తాతలూ తమ ఇళ్ళు తమవిగా ఉన్నన్నాళ్ళూ ఆ పన్ను కట్టినవాళ్ళే. చదువు రాకపోయినా కట్టారు. ఆ బాకీ ఇప్పుడు తీర్చమంటున్నాను, దానం చేయమనడం లేదు. దగ్గరలోని శాఖా గ్రంథాలయంలో సాయంత్రానికి పాతబడే దినపత్రికలను మర్నాడు ఆశ్రమానికి పంపడానికి ఏ జీవో కావాలి? నెలకు ఇరవై పుస్తకాలు మార్చి మార్చి పంపడానికి ఏ బడ్జెటు కావాలి? దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగిన నేల ఇది. మనం ఆశ్రమానికి మోసుకుపోతున్నవి పళ్ళ గెలలు.

నా మీద నాకున్న కోపం కూడా చెప్పి ముగిస్తాను. మధ్యలో ఇంటి పనులని రెండు నెలలు వెళ్ళలేదు. వెళ్ళేసరికి, దుబాయి ముచ్చట అడిగిన అవ్వ మంచం మీద వేరొకరున్నారు. కొడుకు మస్కటు నుంచి వచ్చి ఇంటికి తీసుకుపోయాడట. అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. పోయేముందు మాత్రం, “ఆ సారు కత ఒడ్వకముందే మాయమాయె” అని నిర్వాహకుడితో అన్నదట. పళ్ళు పంచి ఫొటో దిగి పోయినవాళ్ళకూ నాకూ తేడా ఏమిటో ఆ రోజు నాకు తోచలేదు. ఆమె ఊరు కనుక్కున్నాను, మిగిలిన భాగం ఫోనులోనైనా చదివి వినిపిస్తానని కొడుకుతో మాట్లాడాను. సరే అన్నాడు.

మిత్రుడికి ఆ కాగితం తిప్పి పంపాను. భజన, హౌసీ, కేకు, నవ్వుల సంఘం, వేటినీ కొట్టివేయలేదు, ఇష్టమైనవాళ్ళకు ఉండనీ. వెనుక పుటలోని గడిలో మాత్రం జోకులూ చిట్కా కొట్టివేసి, ఇంత రాశాను: రెండో శనివారం, మధ్యాహ్నం 3 గంటలకు, వరండాలో, ‘చిల్లర దేవుళ్ళు’, పోయినసారి ఆపిన చోటి నుంచి.