సింహాల లెక్క అడగకండి



బోట్స్వానా క్యాంపింగ్ ట్రిప్ నుంచి పిల్లలు తిరిగొచ్చిన రోజు ఎయిర్‌పోర్టులో అందరి నోటా ఒకటే ప్రశ్న: ‘ఎన్ని సింహాలు చూశావు?’ తర్వాత ఒక తండ్రి నన్ను పక్కకు పిలిచి అడిగారు: ‘ఇంత ఖర్చుకు ఏం నేర్చుకున్నట్టు మేడమ్?’ న్యాయమైన ప్రశ్న. పిల్లల వెంట వెళ్లిన టీచర్‌గా జవాబు చెప్పాల్సిన బాధ్యత నాది.

ఒకవాంగో డెల్టాలో మా పిల్లల్ని ముందుగా ఆశ్చర్యపరిచింది జంతువు కాదు, నది. అంగోలా ఎత్తుప్రాంతాల్లో కురిసిన వాన నెలల తరబడి ప్రవహించి, ఇక్కడ చుక్క వాన పడని చలికాలంలో వరదై వస్తుంది. సముద్రాన్ని చేరకుండానే కలహారి ఇసుకలో ఇంకి, ఆవిరైపోతుంది. నదులన్నీ సముద్రంలోనే కలుస్తాయనుకున్న పిల్లలు, కలవని నదిని కళ్లారా చూశారు.

మా క్యాంపుకు కంచె లేదు. టెంట్లు పిల్లలే వేశారు, గిన్నెలు పిల్లలే తోమారు. చీకటి పడ్డాక ఒంటరిగా బయటికి రావద్దు, టెంట్‌లో తిండి దాచొద్దు అన్న రూల్స్ ఎవరికీ రెండోసారి చెప్పాల్సి రాలేదు.

అసలు పాఠం మాత్రం మొకొరో పడవ నడిపే ఆయన చెప్పాడు. బోట్స్వానాలో సుమారు 1,30,000 ఏనుగులున్నాయి. ప్రపంచంలో మరే దేశంలోనూ అన్ని లేవు. వాటిని చూడటానికి వచ్చేవాళ్ల వల్లే ఆయన ఇల్లు గడుస్తోంది. అవే ఏనుగులు ఊళ్లో జొన్న చేలు తొక్కేస్తాయి. రైతులు పేడలో మిరప్పొడి కలిపి పిడకలు చేసి, చేను గట్టున పొగ పెడతారు. ‘మరి ఏనుగు మీకు మంచిదా, చెడ్డదా?’ అని మన తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. ‘రెండూ’ అన్నాడాయన. నాలుగు ఆప్షన్లలో ఒకదానికి టిక్ పెట్టడం అలవాటైన మన పిల్లలు వినాల్సిన జవాబు అది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఈ పాఠానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. చిత్తూరు జిల్లా పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఏనుగులు చేలమీద పడుతుంటే, మన రైతులూ రాత్రుళ్లు కాపలా కాస్తున్నారు. బోట్స్వానా కొద్దిమందికే అందుతుంది; పలమనేరుకు తరగతి మొత్తం వెళ్లొచ్చు. వచ్చే టర్మ్‌లో స్కూల్ ఆ ట్రిప్ పెట్టాలి. ఆఫ్రికా వెళ్లొచ్చిన పిల్లలే ముందుండి, రైతులతో, ఫారెస్ట్ సిబ్బందితో మిగతావాళ్లను మాట్లాడించాలి. అప్పుడే మనం పెట్టిన ఖర్చుకు అర్థం.

ఈలోగా మీ పిల్లల్ని ఒకటి అడగండి: ‘మన చేను ఏనుగు తొక్కితే నువ్వేం చేస్తావు?’ జవాబు వెంటనే రాకపోతే కంగారు పడకండి. ఆలోచించనివ్వండి.